బండి ఆగే చోటు

రెండిళ్ళ మధ్య ఉన్న చిన్న తలుపుకి గౌతమి తన వైపు నుంచి గడియ పెట్టేసుకుంది.

ఆ సంగతి మొదట నల్లమ్మ కనిపెట్టింది. తెల్లవారగానే వేడి సంగటి గిన్నె కొంగుతో పట్టుకుని, భుజంతో తలుపు నెట్టింది. అది కదల్లేదు. గౌతమీ అని రెండుసార్లు పిలిచింది. అవతల వాకిలి ఊడుస్తున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. 

నల్లమ్మ గిన్నె తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. తర్వాత కోడలి ముఖంలోకి చూసింది. జాయ్ తల వంచుకుని బియ్యం ఏరుతోంది.

ఆ తలుపు పెట్టించింది జోయల్. అన్న పాపన్న, నల్లమ్మల ఇల్లు గోడకి ఇటు, తమ్ముడు జోయల్ ఇల్లు అటు. గౌతమిని పెళ్ళి చేసుకుని తెచ్చిన కొత్తలో, తోడికోడళ్ళు వీధి చుట్టూ తిరిగి రావడం ఎందుకని, తనే గోడ పగలగొట్టి చిన్న తలుపు బిగించాడు. ఇన్నేళ్ళలో దానికి గడియ పడిందే లేదు. నలభై నాలుగేళ్ళ జోయల్ టమోటా తోటలో నిలుచున్న చోటే కూలిపోయి, కళ్యాణదుర్గం ఆసుపత్రికి చేరకముందే ప్రాణం విడిచాడు. ఆయన్ని సమాధి చేసి వారం కూడా కాలేదు.

గడియ పడటానికి కారణం ఆదివారం జరిగిన ఆదరణ కూడికలో జాయ్ అన్న మాట. పాస్టరు గారు ప్రార్థన ముగించి వెళ్ళాక, ఆడవాళ్ళు గౌతమి చుట్టూ కూర్చుని ఏడుస్తూ, వాని కాలం తీరింది, దేవుడు పిలుచుకున్నాడు అని ఓదారుస్తున్నారు. జాయ్ ఊరుకోలేకపోయింది. పెళ్ళికి ముందు అనంతపురంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసిన పిల్ల. పుట్టిల్లు బుక్కరాయసముద్రం. తెలిసిన విషయం నోట్లో దాచుకోవడం ఆమెకి చేతకాదు.

"ఇది రావాల్సిన చావు కాదు. మాత్రలు విడవకుండా ఏసుకోనింటే చిన్నమామ ఇంకా ముప్పై ఏండ్లు ఉండేవాడు" అంది అందరి ముందూ.

గౌతమి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. జాయ్‌ని ఒకసారి చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. మొగుడికి మాత్రలు వేసి చూసుకోలేనిదానివని నలుగురిలో తనని నిందించినట్టే ఆమెకి వినిపించింది.

"నీ మాట తప్పని నేనన్లేదు" అంది నల్లమ్మ ఇప్పుడు, గొంతు పెంచకుండానే. "అది చెప్పే చోటా? మొగుణ్ణి పోగొట్టుకున్న దాని ముందర కూర్చోని, నీ మొగుడు బతికేవాడే అంటే దానికెట్లుంటాది?"

తను చిన్నత్తని ఒక్క మాట కూడా అనలేదని జాయ్ చెప్పింది. అయితే పోయి ఆ మాటే చెప్పమంది నల్లమ్మ. తలుపు గడియ పెట్టుకుంటే ఎట్లా చెప్పాలంది జాయ్. వీధిలోంచి పొమ్మంది అత్త. పోతే ఏమని చెప్పాలో జాయ్‌కి తెలియలేదు. క్షమించమంటే, అన్నది తప్పని ఒప్పుకున్నట్టే. తప్పు కాదని తనకి తెలుసు.

జాయ్ మళ్ళీ చేట అందుకుంది. 

వాకిట్లో పాపన్న తాపీలు కడిగి గోనెసంచిలో సర్దుకుంటున్నాడు. ఆయన బెంగళూరు కట్టడం పనులకి మనుషుల్ని తీసుకెళ్ళే మేస్త్రీ. శెనక్కాయ పంట ఇల్లు చేరాక కాలనీలో సగంమంది ఆయన వెంట బస్సెక్కి, మూడు నెలలకి గానీ తిరిగి రారు. ఈసారి ప్రయాణం గురువారం అనుకున్నారు.

మామకి యాభై దగ్గరపడింది. కొన్నాళ్ళుగా మెట్టెక్కితే ఆయాసపడుతున్నాడు. బీపీ చూపించుకోమని జాయ్ అడిగినప్పుడల్లా నవ్వి తప్పించుకుంటూ వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"మా ఇంట్లో మొగోళ్ళ ఆయుస్సు అంతేనమ్మా" అన్నాడు చేతిలో పని ఆపకుండా. "మా తాత అంతే, మా నాయన అంతే. నడుస్తా నడుస్తా పడిపోతారు. ఇప్పుడు జోయలుగాడు. రేపు నేను. దానికి మాత్రలేం చేస్తాయి?"

వాన పడుతుందా లేదా అని మాట్లాడుకునేటప్పుడు ఉండే మామూలు గొంతు అది. జాయ్‌కి అదే ఎక్కువ కోపం తెప్పించింది. తాతకి, నాయనకి ఎవరైనా ఒక్కసారి బీపీ చూశారా అని అడిగింది. చూసేవాళ్ళు ఆ రోజుల్లో యాడున్నారన్నాడు పాపన్న. ఇప్పుడున్నారు కదా అంది జాయ్. చూపించుకుంటే ఉండాదంటారు, ఉండాదంటే పనికి పోవద్దంటారు, నన్ను నమ్ముకున్న ఇన్ని ఇండ్లు ఏం కావల్లని ఆయన సంచి మూతి బిగించాడు.

గోడకి ఆనుకుని నిలుచున్న ఐజాక్ అంతా విన్నాడు. తండ్రి వైపూ మాట్లాడలేదు, భార్య వైపూ మాట్లాడలేదు. ఇంట్లో గొడవ ముదిరితే అతను చేసే పని ఒకటే. బయటికి నడిచి ఆటో ఎక్కాడు. కళ్యాణదుర్గం బాడుగలకి వెళ్ళిపోతున్న ఆటో చప్పుడు కాలనీ చివరిదాకా వినిపించింది.

*

ఆ మధ్యాహ్నం కేశవ కాలనీకి వచ్చాడు.

పై వీధిలో పంచాయతీ ఆఫీసుకి ఎదురిల్లు ఆయనది. డెబ్బై దాటిన రైతు. శెనక్కాయ పీకే కాలంలో జోయల్ ఎప్పుడూ ఆయన చేలోనే పనిచేసేవాడు. అయినా పై వీధి వాళ్ళు చావుకి తప్ప కాలనీలోకి దిగరు. సమాధి రోజు ఊళ్ళో లేనని చెప్పి, ఆయన గౌతమి ఇంటి ముందు బండమీద కూర్చున్నాడు. ఇవతల జాయ్ గోడ పక్కనే బట్టలు ఆరేస్తోంది.

 జోయల్ పని గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కంటి క్యాంపులో ఇద్దరికీ ఒకే పొద్దు చూసినారు గౌతమీ. వానికీ నాకూ బీపీ జాస్తి అన్నారు. ఇద్దరికీ ఒకే మాత్ర రాసిచ్చినారు. వాడు నాకన్నా ముప్పై ఏండ్లు చిన్నోడు. నేను చూడు, ఈడ కూర్చోనుండా."

ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళిపోయాడు.

జాయ్ చేతిలో తడి చీర అట్లాగే ఉండిపోయింది.  తర్వాత గడియ తీసిన చప్పుడైంది.

గౌతమి గడపలోనే నిలబడింది, ఇవతలికి రాలేదు. ముఖం వాచిపోయి ఉంది. కానీ ఏడుపు లేదు.

"ఒకే మాత్రంట" అంది. "ఆయప్పకు పని చేసింది. మీ చిన్నమామకు ఏమిటికి చేయలేదు? నీకు తెల్సు కదా. చెప్పు."

ఈసారి జాయ్ తొందరపడలేదు. చీర తీగమీద వేసి, దగ్గరికి వెళ్ళి, తిరిగి ప్రశ్న వేసింది. మాత్రలు ఎక్కడ తెచ్చుకునేవాడని.

గౌతమి చెప్పుకుంటూ పోయింది. డాక్టరు బండి నెలకోసారి వచ్చి, పొద్దెక్కాక పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగుతుంది. అప్పటికే కాలనీ వాళ్ళంతా టమోటా తోటల ఆటోల్లో వెళ్ళిపోయి ఉంటారు. మాత్రల కోసం ఆగితే ఆ రోజు కూలి లేదు. అయినా జోయల్ కొన్ని నెలలు ఆగాడు. తర్వాత బెంగళూరు ప్రయాణాలు వచ్చాయి. బండిలో ఇచ్చేది నెలకి సరిపడా. పోయేది మూడు నెలలకి. మొదటిసారి అక్కడ కొనుక్కున్నాడు. రెండోసారి, తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, బాగానే ఉన్నా కదా అని మానేశాడు. తిరిగి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టలేదు. తను అడిగితే, రోగం పోయిందిలే అన్నాడు. రోగం పోతే మంచిదే కదా అని తనూ అనుకుంది.

చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. కేశవ అరుగు మీద నిలబడితే డాక్టరు బండి కనబడుతుందని ఆమెకి అప్పుడే తట్టినట్టుంది.

"నువ్వు చెప్పిందే జవాబు చిన్నత్తా" అంది జాయ్. "మాత్ర ఇద్దరికీ ఒకటే. ఆయప్ప వాకిట్లోకి వచ్చింది. చిన్నమామకు అందకుండా పోయింది. బీపీ నొప్పి పెట్టే జబ్బు కాదు. బాగున్నట్టే ఉంటాది. ఆ మాట చిన్నమామకు నిదానంగా కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. నేనూ ఈ ఇంటికి వచ్చి రెండేండ్లాయె, అడగలేదు."

గౌతమి గడప మీద కూర్చుండిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళవైపు చూసుకుంది.

"అయితే నేను చంపలేదు" అంది చివరికి.

"లేదు చిన్నత్తా. ఆ మాటే అనుకోవద్దు."

పొయ్యి దగ్గర నుంచి నల్లమ్మ చూస్తోంది.  పొద్దున పెట్టిన సంగటి గిన్నె తీసి, నాలుగు చెంచాల పప్పు వేసి, తెచ్చి తోడికోడలి పక్కన పెట్టింది. గౌతమి తినడం మొదలుపెట్టింది. సగం తిని తలెత్తింది.

"ఆ బండి మన తావుకి రావల్ల" అంది. "ఎప్పుడొస్తాది అది?"

మరుసటి రోజే అని జాయ్ చెప్పింది.

*

మరుసటి రోజు ముగ్గురు ఆడవాళ్ళూ పనికి పోలేదు. నల్లమ్మని ఎవరూ రమ్మనలేదు. చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, వాళ్ళ వెంట నడిచింది.

బండి పక్కన వేపచెట్టు నీడలో బల్ల వేసుకుని డాక్టర్ జయంతి కూర్చుని ఉంది. కదిరి పిల్ల. ఈ పనిలో చేరి ఏడాది పైన అయింది. ముందు వరుసలో పై వీధి ముసలివాళ్ళు. గౌతమి వరుస తప్పించకుండా నిలబడి, తన వంతు వచ్చాక కుర్చీలో కూర్చుంది. బీపీ పట్టీ చుట్టబోతే చేయి వెనక్కి తీసుకుంది. తన మొగుడు ఎవరో, ఎట్లా పోయాడో చెప్పింది. జోయల్ పేరు వినగానే డాక్టరు కలం కింద పెట్టేసింది.

కాలనీ వాళ్ళు తక్కువమంది రావడం తను గమనించిందని, వాళ్ళకి ఇష్టం లేదేమో అనుకుందని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. తోటలకి ఆటోలు ఎన్ని గంటలకి పోతాయో తనకెవరూ చెప్పలేదంది. గౌతమి కోపం తెచ్చుకోలేదు. ఇప్పుడు చెప్తాండాము కదమ్మా అంది. తెల్లారేసరికి కాలనీలో బండి ఆగితే, పనికి పోయే ముందే అందరూ చూపించుకుంటారంది. బెంగళూరు పోయేవాళ్ళకి మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలంది.

సర్పంచి లక్ష్మీపతి ఆఫీసు లోంచి బయటికి వచ్చాడు. మంచివాడే. కానీ తన ఊళ్ళో తనకి తెలియకుండా ఏదీ కదలకూడదనుకునే మనిషి. ఇక్కడ నీడ ఉందని, కరెంటు ఉందని, తన తల్లి లాంటి ముసలివాళ్ళు ఇంకో చోటుకి నడవలేరని చెప్పాడు. బండిని కాలనీకి మారిస్తే పై వీధి వాళ్ళెవరూ అంత దూరం దిగిరారన్నాడు.

"ఇన్నేండ్లు మేమే కదన్నా పైకి వచ్చేది" అంది గౌతమి. "ఒక పొద్దు మీరు రవంత కిందికి దిగితే ఏం పోతాది?"

 ఎదురింటి అరుగు మీద నుంచి కేశవ, తనని రోజూ నడవమని డాక్టరమ్మే చెప్పింది కాబట్టి కాలనీదాకా నడుస్తానన్నాడు. వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. సర్పంచి కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు.

బండిని ఇక్కడి నుంచి తీసేయడం లేదని జయంతి అంది. ముందు కాలనీలో ఆగి, తర్వాత పైకి వస్తుంది. డ్రైవరు, నర్సు ఇంకా చీకటుండగానే బయలుదేరాలి. వాళ్ళిద్దరి వైపూ చూసింది. డ్రైవరు తల ఊపాడు. నర్సు, తన పిల్లని ఎవరి దగ్గర వదలాలో చూసుకుంటానని నెమ్మదిగా అంది.

మీ వాళ్ళు బెంగళూరు పోయేది ఎప్పుడని డాక్టరు అడిగింది. గురువారమని ముగ్గురూ ఒక్కసారే చెప్పారు.

"వచ్చే నెల వరకూ ఆగితే ఖాళీ కాలనీకి రావల్ల నేను. గురువారం పొద్దున్నే వేరే ఊరికి పోతాండాము. దోవలో మీ దగ్గర ఆగుతా" అంది జయంతి. "మూడు నెలల మాత్రలు ఇస్తా. చూడకుండా మాత్రం ఒక్కరికీ ఇయ్యను. మొగోళ్ళను కుర్చీలో కూర్చోబెట్టేది మీ పని."

తిరిగి వచ్చేటప్పుడు కాలనీ మలుపులో నల్లమ్మ కోడలి వైపు తిరిగింది. "నోరు మంచిదే నీది. చోటు చూసి తెరువు" అంది. జాయ్ నవ్వింది. జోయల్ పోయాక ఆ ఇంటివాళ్ళలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

పాపన్న మాత్రం నవ్వలేదు. గురువారం పొద్దున్నే బస్సు వస్తుందని, మూటలు ఎక్కించుకునే హడావుడిలో కుర్చీల్లో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదని చెప్పేశాడు. బీపీ ఉందని తేలితే కాంట్రాక్టరుకి తెలుస్తుంది, రేపటి నుంచి గట్టిగా ఉండేవాళ్ళని వేరే ఊళ్ళలో వెతుక్కుంటాడన్నాడు.

నల్లమ్మ ఆయనకి ఎదురు చెప్పడం ఐజాక్ పుట్టిన తర్వాత ఎవరూ చూడలేదు.

"కాంట్రాక్టరు సంగతి చెప్తాండావు. నా సంగతి చెప్పు" అంది. "నువ్వు పడిపోతే నేనేం చేయల్ల? ఆయుస్సు అంతే అనుకోని కూర్చోవల్లనా?"

పాపన్న నీళ్ళ చెంబు అందుకుని బయటికి వెళ్ళాడు. చాలాసేపటి దాకా లోపలికి రాలేదు.

*

గురువారం డాక్టరు బండి, బెంగళూరు బస్సు ఒకదాని వెనక ఒకటి కాలనీలోకి వచ్చాయి.

చర్చి ముందర బల్ల వేశారు. ఆడవాళ్ళు వరుస కట్టారు. గౌతమి అందరికన్నా ముందు కూర్చుంది, ఆమెకి ఏమీ లేదన్నారు. మొగవాళ్ళు మాత్రం బస్సు దగ్గరే గుంపుగా నిలబడి చూస్తున్నారు. పాపన్న బస్సు పైకెక్కి మూటలు అందుకుంటున్నాడు. వీపు చర్చి వైపు పెట్టుకున్నాడు.

ఎవరూ కదలకపోయేసరికి ఐజాక్ ముందుకొచ్చాడు. ఇరవై ఏడేళ్ళ వాడు, ఆటోని ఒక్కడే ఎత్తి చక్రం మార్చేవాడు. సూది కాదు కదరా, రాండి అని కుర్రాళ్ళని పిలిచి, వాళ్ళకి చూపించడానికన్నట్టు కుర్చీలో కూర్చుని చేయి చాచాడు. జాయ్ పక్కనే నిలబడి పట్టీ తనే చుట్టింది.

జయంతి చూసింది.  రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమని, రెండో చేతికి చూసింది.

జాయ్‌కి చెప్పాల్సిన పని లేకపోయింది. మిషను మీది అంకె తనకీ కనబడింది. ఇన్నాళ్ళూ మామ చుట్టూ తిరిగిన ఆలోచన ఒక్కసారిగా వచ్చి కాళ్ళ దగ్గర పడినట్టయింది. తన మంచం మీద పడుకునే మనిషికి తను ఏ రోజూ బీపీ చూడలేదు.

డాక్టరు మాత్రం భయపెట్టలేదు. ఎక్కువే ఉంది, కానీ ఒక్క రోజు చూసి తేల్చేది కాదంది. ఉప్పు తగ్గించాలి, బీడీ మానాలి. వారం తర్వాత మళ్ళీ చూసి, అప్పుడూ ఇట్లాగే ఉంటే మాత్ర మొదలుపెట్టాలి. ఇంత తొందరగా తెలియడం మంచిదైందని, సరిగ్గా చూసుకుంటే కేశవ వయసు దాకా ఆటో నడపొచ్చని నవ్వింది.

"వారం అంటే కుదరదు మేడం" అన్నాడు ఐజాక్. "మూడు నెలలకు ఇప్పుడే ఇచ్చేయండి."

"మూడు నెలలకా? నీకేమిటికి?" అంది జాయ్.

అతను తల తిప్పాడు. ఆమె అతని చూపు పోయిన వైపు చూసింది. బస్సు పైన, మామ సర్దుతున్న మూటల మధ్య తమ మంచం మీది ఆకుపచ్చ దుప్పటి చుట్టి కట్టి ఉంది.

 ఆటోని ఎవరికి అప్పజెప్పి పోతావని జాయ్ అడగలేదు. ఎప్పుడు అనుకున్నావని అడగలేదు. పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"చిన్నాయన పనిలోకి ఇంకొకర్ని తీసుకుంటే ఆ చోటు మళ్ళీ మనకు రాదు" అన్నాడు ఐజాక్ నేలవైపు చూస్తూ. "చిన్నమ్మ ఇల్లు ఎట్ల జరగల్ల? నాయనా నేనూ మాట్లాడుకున్నాము. నీకు చెప్తే పోనీవని చెప్పలేదు."

చర్చి మెట్ల మీద కూర్చున్న గౌతమి ఈ మాట విని నెమ్మదిగా లేచి నిలబడింది.

బస్సు పైన పాపన్న చేతులు ఆగిపోయాయి. ఎవరో ఐజాక్‌కి జాస్తి ఉండాదంట అని కింద నుంచి చెప్పారు. ఆయన నిచ్చెన పట్టుకుని దిగాడు. దిగేసరికి ఆయాసం వచ్చింది. జనం పక్కకి జరిగి దారిచ్చారు. కొడుకు భుజం పట్టుకుని లేపి, తను కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా చేయి పైకి మడిచాడు.

"చూడు తల్లీ" అన్నాడు డాక్టరుతో.

ఆయనకి కొడుకుకన్నా చాలా ఎక్కువ ఉంది. జయంతి ముఖంలో నవ్వు పోయింది. మాత్ర ఈ రోజే మొదలుపెట్టాలి, ఇప్పుడే కళ్యాణదుర్గం పోయి గుండె పరీక్ష, రక్త పరీక్ష చేయించుకోవాలి, బెంగళూరు సంగతి ఆ తర్వాత అంది. పనికి పోవద్దనడం లేదని, చూపించుకోకుండా పోవద్దంటున్నానని విడమర్చి చెప్పింది.

పాపన్న కాసేపు చొక్కా చేయి దించుకుంటూ కూర్చున్నాడు. నల్లమ్మ ఎదురుగా నిలబడి ఉంది. 

"మా నాయనకు ఈ కుర్చీ ఏసినోళ్ళు లేరు" అన్నాడు ఆయన ఆమెతోనే అన్నట్టు. తర్వాత లేచి బస్సు దగ్గర ఉన్న గుంపు వైపు తిరిగాడు. "వరుసలోకి రాండప్పా అందరూ. ఈడ కూర్చోనోడు నా బస్సెక్కేకి లేదు."

కొందరు వెంటనే కదిలారు. కొందరు బస్సు వైపు, మేస్త్రీ వైపు మార్చి మార్చి చూశారు. పనికి ఆలస్యమైతే ఎట్లా అని ఒకడు గొణిగాడు. పాపన్న అప్పటికే కాంట్రాక్టరుకి ఫోను చేస్తున్నాడు.

బస్సు ఈ రోజు రాదని, వచ్చే గురువారం వస్తుందని చెప్పాడు. అవతలి గొంతు పెద్దదవడం దగ్గర నిలబడిన వాళ్ళకి వినిపించింది. స్లాబు పని ఎవరి కోసమూ ఆగదన్నాడు కాంట్రాక్టరు. కదిరి వైపు ఇంకో మేస్త్రీ మనుషులతో సిద్ధంగా ఉన్నాడట. ఈ బస్సు ఖాళీగా వస్తే మళ్ళీ ఈ కాలనీ పేరే తలవనన్నాడు.

"మా జోయలు నీ పనిలో పదేండ్లు చేసినాడు" అన్నాడు పాపన్న. "వాడు పోయినాడని చెప్తే, వాని బదులు ఎవరొస్తారని అడిగితివి. నా కొడుకును పంపుతానంటిని. తప్పు మాట అది. బదులు పంపేకి మా తావున ఇంక మనుషులు లేరు. వారం ఆగు. అందర్నీ చూపిచ్చి, మాత్రలు చేతిలో పెట్టి నేనే పిల్చుకోనొస్తా."

ఆయనే ఫోను పెట్టేశాడు.  ఐజాక్ ఆటో తాళం చెవి కోసం జేబు తడుముకున్నాడు, తండ్రిని వెంటనే కళ్యాణదుర్గం చేర్చాలని. జాయ్ వైపు చూశాడు. ఆమె ఇంకా అతనితో మాట్లాడలేదు. కానీ ఇంట్లోకి వెళ్ళి మామ చెప్పులు తెచ్చింది, తనూ చెప్పులు వేసుకుంది.

అప్పుడు బస్సు డ్రైవరు ఫోను మోగింది.

అతను కాంట్రాక్టరు మాట విన్నాడు, తల ఊపాడు. ఎవరి వైపూ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. ఇంజను గర్జించింది. పైన అందరి మూటలూ ఉన్నాయి, తాపీలున్నాయి, ఆకుపచ్చ దుప్పటి ఉంది. వరుసలో నిలబడిన మొగవాళ్ళలో ఇద్దరు బస్సు వైపు పరుగెత్తారు. మూటలు దించడానికో, ఎక్కి కూర్చోవడానికో ఎవరికీ తెలియలేదు.

బస్సు రెండు బారలు ముందుకి కదిలి ఆగింది. దారి మధ్యలో గౌతమి నిలబడి ఉంది.

డ్రైవరు హారను కొట్టాడు. పక్కకి జరగమని చేయి ఊపాడు. పాపన్న వెనక నుంచి పిలిచాడు.

గౌతమి కొంగు నడుముకి బిగించుకుని, "మా మూటలు దించి పో" అంటూ బస్సు వైపు ఇంకో అడుగు వేసింది.